ముందు చక్రం దగ్గర టక్ టక్: ఆటోనగర్‌లో సస్పెన్షన్ పని చేయించుకున్న నా అనుభవం

డిసెంబరు రెండో వారంలో మొదలైంది చప్పుడు. మాది విజయవాడ పటమట, నా ఉద్యోగం గుంటూరులో. బెంజి సర్కిల్ దాటి కనకదుర్గ వారధి ఎక్కి, మంగళగిరి, కాజా టోల్ మీదుగా రోజూ వెళ్లొస్తుంటాను. మా ఆఫీసులోనే పనిచేసే ఒకావిడ కూడా నాతో వస్తారు, పెట్రోలు చెరి సగం. వారధి మీద అతుకులు వచ్చినప్పుడల్లా ఎడమ చక్రం దగ్గర "టక్" మనేది. ముందు విన్నది ఆవిడే. ఆ చక్రం ఆవిడ కూర్చునే వైపే కదా. "మీ బండి ఏదో అంటోందండీ" అన్నారు. పాటలు ఆపి, ఏసీ తగ్గించి విన్నాను. నిజమే, అంటోంది.

బండి 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, లక్షా ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు రాయడం లేదు, ఇది ఆ మోడల్‌కి ప్రత్యేకంగా వచ్చే జబ్బు కాదు. ముందు వైపు మెక్‌ఫెర్సన్ స్ట్రట్లు (స్ప్రింగూ షాకబ్జరూ కలిసి ఒకే నిలువు కాలులా ఉండేవి) ఉన్న ఏ చిన్న కారైనా లక్ష దాటాక కాస్త అటూ ఇటూగా ఇదే దారి పడుతుంది.

నాకు విచిత్రంగా అనిపించింది ఒకటుంది. మా వీధి మలుపులో ఉన్న పెద్ద స్పీడ్ బ్రేకర్ మీద చప్పుడు ఉండదు. చిన్న గుంట, మ్యాన్‌హోల్ మూత, రోడ్డుకి అడ్డంగా తవ్వి పూడ్చిన పైపు గాడి, వీటి మీద మాత్రం టకటకా కొట్టుకుంటుంది. పెద్ద దెబ్బకి నోరు మూసుకుని చిన్న దెబ్బకి గోల చేయడమేమిటో అర్థం కాలేదు. మా వారిని అడిగితే "పాత బండి, చప్పుడు చేయకుండా ఉంటుందా" అన్నారు. ఆయనకి స్కూటరు తప్ప ఏదీ పట్టదు.

క్రిస్మస్ ముందు ఎడమ ముందు టైరు పంక్చరైంది. పంక్చర్ షాపతను చక్రం విప్పి, తిప్పి, లోపలి అంచు చూపించాడు. బయటి నుంచి చూస్తే గాళ్లు బాగానే ఉన్నాయి. లోపలి అంచు మాత్రం బట్టతలలా నున్నగా అయిపోయి, ఒకచోట తీగ కూడా కనబడుతోంది. రోజూ హైవే మీద ఎనభైలో వెళ్లేది దీని మీదేనా అని ఒళ్లు జల్లుమంది. చక్రం నేరుగా ఉన్నప్పుడు ఆ అంచు మన కంటికి కనబడదు. స్టీరింగ్ పూర్తిగా ఒక వైపుకి తిప్పి, దిగి, వంగి చూస్తేనే కనబడుతుంది. అతను స్టెప్నీ ఎక్కించి, "అలైన్‌మెంట్ చేయించండి మేడం" అన్నాడు. అంటే చక్రాలు నిలబడే కోణాలు సరిచేయించడం.

మర్నాడే అలైన్‌మెంట్ షాపుకి వెళ్లాను. అక్కడి కుర్రాడు బండిని లిఫ్ట్ మీద లేపి, మిషను ఆన్ చేయకుండానే ఎడమ చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని, గడియారంలో తొమ్మిది, మూడు ఉండే చోట, అటూ ఇటూ ఊపాడు. చక్రం కదిలింది, లోపల కటక్ మంది. తర్వాత పైనా కిందా పట్టుకుని, అంటే పన్నెండు, ఆరు దగ్గర, ఊపాడు. అక్కడా కొంచెం కదిలింది. "ఇప్పుడు అలైన్‌మెంట్ చేస్తే మీ డబ్బులు దండగ. ఎండ్లు పోయాయి, బాల్ జాయింట్ కూడా డౌటే. మార్పించుకుని రండి, అప్పుడు చేస్తా" అని దించేశాడు. పైసా తీసుకోలేదు. వచ్చిన బేరాన్ని వద్దని పంపేసినవాడు కాబట్టి అతని మాట మీద నాకు గురి కుదిరింది.

పక్కలు పట్టుకుని ఊపినప్పుడు ఆట ఉంటే అది టై రాడ్ ఎండ్ కావచ్చు, ర్యాక్ ఎండ్ కావచ్చు. అంటే స్టీరింగ్ తిప్పితే చక్రాన్ని తోసే కడ్డీకి రెండు చివర్లా ఉండే కీళ్లు. పైనా కిందా ఊపినప్పుడు ఆట ఉంటే చక్రం బేరింగ్ గానీ, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచే చెయ్యి) చివర ఉండే బాల్ జాయింట్ గానీ అనుకోవాలి. మన ఇంటి ముందు జాకీ మీద లేపినా ఈ పరీక్ష చేయొచ్చు, కానీ జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద తల పెట్టకూడదు.

సర్వీస్ సెంటర్‌లో అపాయింట్‌మెంట్ జనవరి మొదటి వారానికి దొరికింది. పొద్దున తొమ్మిదికి ఇస్తే మధ్యాహ్నం మూడున్నరకి సలహాదారు ఒక ప్రింటు తీసుకొచ్చి చేతిలో పెట్టాడు. స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పుడుని ముందు చక్రాలకి చేర్చే అడ్డ గొట్టం) మొత్తం, రెండు స్ట్రట్లు, రెండు లోయర్ ఆర్మ్‌లు, లింక్ రాడ్లు, స్ట్రట్‌ల పైన బిగించే మౌంట్లు, కూలీ, పన్ను, అన్నీ కలిపి 41,300. ర్యాక్ ఒక్కటే అందులో పెద్ద ముక్క. "ర్యాక్ పోయిందని ఎలా తెలిసిందండీ, నాకు చూపిస్తారా?" అని అడిగాను. కస్టమర్లని షెడ్డులోకి రానివ్వరట, భద్రతా కారణాలట. పోనీ ఫోన్‌లో వీడియో తీసి చూపించమన్నాను. టెక్నీషియన్ భోజనానికి వెళ్లాడట, నాలుగింటికి. తనిఖీ రుసుము 590 కట్టి బండి తెచ్చేసుకున్నాను. వాళ్లు మోసం చేశారని అనను. ఆ జాబితాలో చాలావరకు నిజమేనని తర్వాత తేలింది. కాకపోతే నలభై వేల పని చెప్పేటప్పుడు పది నిమిషాలు చూపించడానికి ఏం పోయింది?

మా ఆఫీసావిడ అన్నయ్య ఆటోనగర్‌లో ఒక మేస్త్రి పేరు చెప్పారు. ఫోన్ చేస్తే "పండక్కి ఊరెళ్తున్నానమ్మా, కుర్రాళ్లూ వెళ్లిపోయారు. కనుమ వెళ్లాక సోమవారం రండి. ఈలోపు హైవే ఎక్కించొద్దు" అన్నాడు. సంక్రాంతి ముందు విజయవాడలో బండి పని పెట్టుకోకూడదని నాకు అప్పుడు తెలిసింది. పండగ వారం ముందూ వెనకా మనుషులే దొరకరు. అప్పటి నుంచి గుంటూరుకి బస్సే. నెహ్రూ బస్టాండ్ దాకా ఆటో, అక్కడి నుంచి నాన్‌స్టాప్, గుంటూరులో మళ్లీ ఆటో. ఆ ఆటోల ఖర్చు కూడా ఈ రిపేరు కింద రాసుకోవాల్సిందే.

జనవరి 19, సోమవారం. ఆటోనగర్ గేటు లోపలికి కారులో వెళ్లడం నాకు అదే మొదటిసారి. లారీల లోకం అది. ఒక వీధంతా బాడీ కట్టేవాళ్లు, ఒక వీధిలో కమాన్ పట్టీలు, ఇంకోచోట లేత్‌లు, రేడియేటర్లు, పాత పార్టులు. ఒక్కొక్కరికి ఒక్కటే పని, ఆ పనిలో వాళ్లకి తిరుగుండదు. రోడ్డు మీద గ్రీజు, గుంటలు. మా చప్పుడుకి ఇంతకంటే మంచి పరీక్ష ఎక్కడా దొరకదు.

మేస్త్రికి అరవై దగ్గర ఉంటాయి. బానెట్ ఎత్తలేదు, కింద దూరలేదు. "ఎప్పుడెప్పుడు వస్తుందమ్మా చప్పుడు?" అని అడిగాడు. చిన్న గుంటల మీద వస్తుంది, పెద్ద బ్రేకర్ మీద రాదు అన్నాను. తల ఊపాడు. "బ్రేకు తొక్కితే?" తొక్కినప్పుడు దుబ్ మని ఒకటి, బండి కాస్త ఎడమకి లాగుతుంది. "ఆగి ఉన్న బండిలో స్టీరింగ్ తిప్పితే?" అదీ ఉంది, స్ప్రింగు మెలిపడి వదిలినట్టు టంగ్ మంటుంది. అప్పుడు తనే నడిపి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. నేను ఒకటే చప్పుడనుకున్నది మూడు చప్పుళ్లు.

చిన్న గుంటల టకటక లింక్ రాడ్లది. రెండు ముందు చక్రాలనీ కలుపుతూ బండి అడుగున ఒక అడ్డ కడ్డీ ఉంటుంది, మలుపుల్లో బండి ఒరగకుండా. ఆ కడ్డీని స్ట్రట్‌కి తగిలించే చిన్న రాడ్లే లింక్ రాడ్లు. పెద్ద స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ ఒకేసారి లేస్తాయి. కడ్డీ మెలిపడదు, లింకుల మీద బరువు రాదు, చప్పుడూ రాదు. ఒక చక్రమే గుంటలో పడితే కడ్డీ మెలిపడుతుంది, అరిగిన లింకు కొట్టుకుంటుంది. నెల రోజులుగా నన్ను తికమక పెట్టినదానికి జవాబు రెండు ముక్కల్లో తేలిపోయింది. బ్రేకు వేసినప్పటి దుబ్ లోయర్ ఆర్మ్ వెనక బుష్‌ది. బ్రేకు పడగానే చక్రం వెనక్కి లాగుతుంది. ఆ లాగుడుని పట్టి ఉంచే రబ్బరు చిరిగితే ఆర్మ్ వెనక్కి జరుగుతుంది, బండి ఆ పక్కకి పోతుంది. ఆగి ఉండగా వచ్చే టంగ్ స్ట్రట్ పైన ఉండే బేరింగ్‌ది. చక్రం తిరిగినప్పుడు స్ప్రింగు కూడా దానితోపాటు ఒద్దికగా తిరగాలి. బేరింగ్ పట్టేస్తే స్ప్రింగు బిగుసుకుని ఒక్కసారిగా వదులుతుంది.

మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు మీ బండి చప్పుడు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు రాదో కాగితం మీద రాసుకోండి. ఎక్కడి నుంచి వస్తుందన్నది మనం చెప్పలేం, ఇనుములో శబ్దం ఎక్కడికైనా పాకుతుంది. ఎప్పుడన్నది మాత్రం మనకే తెలుసు.

తర్వాత బండి లేపాడు. ముందే అడిగాను, "ప్రతిదీ నాకు చూపించాలి బాబాయ్" అని. నవ్వి, లైటు నా చేతికే ఇచ్చాడు. ఎడమ లోయర్ ఆర్మ్‌కీ నకల్‌కీ (చక్రం బిగించి ఉండే ఇనుప దిమ్మ) మధ్య పెద్ద రాడ్డు పెట్టి ఎత్తితే బాల్ జాయింట్ కంటికి కనబడేలా లేచింది. ఇదే పూర్తిగా ఊడితే చక్రం బయటికి పడిపోయి బండి నేలకి కూలబడుతుందట. వెనక బుష్ చుట్టూ చిరిగి, మధ్య గొట్టం ఒక పక్కకి జారిపోయి ఉంది. కుడి ఆర్మ్‌కి అదే రాడ్డు పెట్టి ఎత్తాడు. కదల్లేదు. "ఇది మార్చక్కర్లేదు" అన్నాడు. రెండూ జతగా మార్చాలేమో కదా అన్నాను. "స్ట్రట్లు జతగా మార్చాలి, లేకపోతే ఒక పక్క బిర్రు, ఒక పక్క వదులు అవుతుంది. ఆర్మ్‌కి ఆ రూలు లేదు."

ఎడమ స్ట్రట్ సగం దాకా నూనె కారి, దాని మీద దుమ్ము పేరుకుని నల్లటి ముద్దలా ఉంది. కుడిది పొడిగానే ఉన్నా పాతదే. ఇక ర్యాక్. చక్రాన్ని పక్కలకి ఊపమని కుర్రాడికి చెప్పి, నా చేతిని ర్యాక్ రబ్బరు బూటు మీద పెట్టించాడు. బూటు లోపల కీలు కటకటమనడం వేళ్లకి తెలిసింది. "ఇది ర్యాక్ ఎండ్. ర్యాక్ అంటే ఈ గొట్టం." ర్యాక్ గొట్టంలోంచి వచ్చే షాఫ్టుని పైకీ కిందకీ తోసి చూపించాడు, అది కదల్లేదు. ఆ బూటు చిరిగి మట్టి లోపలికి పోవడంతో ఎండ్ అరిగింది. ర్యాక్ మొత్తం ఎందుకు మార్చమన్నారు మరి అంటే భుజాలెగరేశాడు. "కొందరు ఎండ్ విడిగా పెట్టరమ్మా, అసెంబ్లీ అయితే పని సులువు."

చీటీ రాసిచ్చాడు, పార్టులు నన్నే కొనుక్కోమన్నాడు. కమీషన్ గొడవ ఉండదని. అసలు కథ అక్కడే ఉంది.

ఒకే పార్టు మూడు ధరల్లో దొరుకుతుంది. కారు కంపెనీ పెట్టెలో వచ్చేది ఒకటి. కార్ల కంపెనీలకి సరఫరా చేసే తయారీదారులు తమ సొంత పేరుతో అమ్మేది రెండోది. స్టీరింగ్ ఎండ్లు, బాల్ జాయింట్లలో రానే, షాకబ్జర్లలో గాబ్రియల్ అలాంటి పేర్లు. మూడోది లోకల్ పీసు. టై రాడ్ ఎండ్ లోకల్‌ది 180కి వస్తుంటే నేను 480 పెట్టి కొన్నది రెండో రకం. మేస్త్రి ఒక చిట్కా చెప్పి పంపాడు. కొత్త ఎండ్ తీసుకున్నప్పుడు దాని బోల్టుని వేలితో ఊపి చూడమన్నాడు. గట్టిగా, నూనె పట్టినంత నిదానంగా తిరగాలి. వదిలేస్తే తలవాల్చేసేలా లొడలొడలాడితే వద్దనమన్నాడు. మొదటి షాపులో ఒకటి అలాగే వాలిపోయింది. పక్క షాపుకి వెళ్లాను.

ఆర్సీ ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి. ఛాసిస్ నంబరు లేకుండా అడిగితే "ఏ మోడలు, ఏ నెల" అని మొదలుపెట్టి చివరికి తప్పు పార్టు ఇస్తారు. నాకు మౌంట్లు అలాగే తప్పుగా వచ్చాయి, బోల్టుల దూరం సరిపోలేదు. బిల్లు ఉంది కాబట్టి మార్చారు. ఇంకోటి, ఎడమ కుడి. మన దేశంలో డ్రైవరు కుడి వైపు. పెట్టె మీద ఎల్‌హెచ్ అంటే ప్రయాణికుడు కూర్చునే పక్క. లోయర్ ఆర్మ్, స్ట్రట్ ఏ పక్కవి ఆ పక్కకే వస్తాయి. లింకు రాడ్లు నా బండికి రెండు పక్కలా ఒకటే.

పార్టుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి పద్దెనిమిది శాతమే. అంతకుముందు చాలా వాటికి ఇరవై ఎనిమిది ఉండేది. బేరింగ్ పెట్టె మీద పాత ఎమ్మార్పీయే ఉంది. అడిగితే షాపాయన ఏమీ అనకుండా తగ్గించి బిల్లు వేశాడు. అడక్కపోతే వేసేవాడు కాదేమో.

అన్నీ దొరికాయి, కుడి స్ట్రట్ తప్ప. "శనివారం వస్తుంది మేడం" అన్నారు. 24 శనివారం సాయంత్రం దాకా రాలేదు. ఆదివారం షాపు లేదు. సోమవారం రిపబ్లిక్ డే. బండి షెడ్డు బయట ఎండలో అలాగే ఉంది. విప్పి పని మొదలుపెట్టొచ్చుగా అని ఫోన్ చేస్తే మేస్త్రి ససేమిరా అన్నాడు. "పార్టులన్నీ చేతిలో పడేదాకా బోల్టు ముట్టుకోను. విప్పాక ఒకటి రాకపోతే లిఫ్టూ ఆగిపోద్ది, మీరూ నన్ను తిడతారు." అప్పుడు విసుగొచ్చింది గానీ, ఆయన చెప్పిందే సబబు. పక్క షెడ్డులో ఒక వ్యాను మూడు చక్రాల మీద నెలగా పడి ఉందట. 27 మంగళవారం మధ్యాహ్నం స్ట్రట్ వచ్చింది.

28న సెలవు పెట్టి కూర్చున్నాను. పొద్దున తొమ్మిదిన్నరకి మొదలైంది పని. అక్కడ ఆడవాళ్లు కూర్చోవడానికి చోటు లాంటిది ఏమీ లేదు. పార్టుల పెట్టె తిరగేసి, దాని మీద పేపరు పరిచి కుర్చీ అన్నారు. నీళ్ల సీసా, టోపీ తీసుకెళ్లండి. టాయిలెట్ కోసం పెట్రోలు బంకు దాకా నడవాలి. ఈ సంగతి ఎవరూ రాయరు.

చూస్తూ నేర్చుకున్నవి కొన్ని. పాత ఎండ్ విప్పేముందు నట్టు బయట ఎన్ని మరలు కనబడుతున్నాయో కుర్రాడు లెక్కపెట్టి సుద్దతో నేల మీద రాశాడు. కొత్తది అన్ని మరలే ఎక్కిస్తే చక్రం ఇంచుమించు పాత స్థానంలోనే ఉంటుంది, అలైన్‌మెంట్ షాపుకి నడుపుకుంటూ పోవచ్చు. ఎండ్ బోల్టు దిగాలంటే నట్టు మీద కొట్టరు. నకల్ చెవికి పక్క నుంచి సుత్తితో రెండు దెబ్బలు వేస్తే అదే ఊడి పడుతుంది. బ్రేకు క్యాలిపర్ విప్పి పైపు మీద వేలాడనీయకుండా తీగతో స్ప్రింగు పక్కన కట్టారు. మీ మెకానిక్ ఇది చేయకపోతే మర్యాదగానే చెప్పండి, ఆ పైపు పాడైతే బ్రేకులే పోతాయి.

బాల్ జాయింట్‌ని నకల్‌లో పట్టి ఉంచే బోల్టు మాత్రం ఏడిపించింది. పదకొండేళ్ల తుప్పు. నూనె కొట్టి, వేడి చేసి, మళ్లీ నూనె కొట్టి, మధ్యాహ్నం పన్నెండున్నరకి వచ్చింది. ఆ బోల్టు విరిగితే నకల్ లేత్‌కి పంపాలట, ఇంకో రోజు. ఆ గంటన్నరా నాకు టెన్షన్, వాళ్లకి టీ.

స్ట్రట్ మీద స్ప్రింగుని నొక్కి పట్టే బిగింపు సాధనం పెట్టేటప్పుడు మేస్త్రి నన్ను దూరంగా జరగమన్నాడు, కుర్రాడిని కూడా ఎదురుగా నిలబడనివ్వలేదు. నొక్కిన స్ప్రింగు జారితే మనిషిని చంపేంత బలం అందులో ఉంటుంది. ఇంట్లో వీడియోలు చూసి చేసే పని కాదిది. పాత స్ట్రట్ విడిగా చేతికిచ్చి నొక్కమన్నాడు. నొక్కితే దిగింది, దిగింది దిగినట్టే ఉంది. మధ్యలో కొంత దూరం బరువే తెలియలేదు. కొత్తదాన్ని బిగించేముందు నిలబెట్టి నాలుగైదు సార్లు పూర్తిగా లాగి నొక్కాడు. పెట్టెలో పడుకుని ఉన్నప్పుడు నూనెలోకి చేరిన గాలి అలా పోతుందట. బంప్ స్టాపర్ (స్ట్రట్ పూర్తిగా దిగినప్పుడు తగిలే మెత్తటి దిమ్మ), దుమ్ము తొడుగు కూడా కొత్తవే వేయించాను. పాతవి ముట్టుకుంటే పొడి పొడి అయ్యాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది లోయర్ ఆర్మ్ బోల్టుల సంగతి. చక్రం గాల్లో వేలాడుతుండగా వాటిని పూర్తిగా బిగించలేదు. చక్రాలు నేల మీద ఆనాక, బండి బరువు పడ్డాకే బిగించారు. రబ్బరు బుష్ ఏ స్థితిలో బిగిస్తే దాన్నే తన మామూలు స్థితి అనుకుంటుంది. గాల్లో బిగిస్తే, బండి దించగానే ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, కొన్నాళ్లకే చిరుగుతుంది. సర్వీసింగ్ అయిన ఆరు నెలలకే బుష్ మళ్లీ పోయిందని వాపోయేవాళ్లని చూశాను. అందులో కొంతమందిది ఇదే అయ్యుండాలి.

సాయంత్రం ఐదుంబావుకి అయింది. నడిపి చూస్తే చప్పుడు లేదు, కానీ స్టీరింగ్ వంకర. నేరుగా పోవాలంటే చక్రాన్ని కుడికి తిప్పి పట్టుకోవాలి. గుండె జారిపోయింది. "అలైన్‌మెంట్ అయ్యేదాకా అంతే" అన్నాడు మేస్త్రి. కూలీ 3,500. పార్టులు మొత్తం 12,420. స్ట్రట్లు రెండూ 4,900, ఆర్మ్ 1,900, మిగతావి చిల్లర. పాత పార్టులు తీసుకెళ్తారా అని తనే అడిగాడు. డిక్కీలో వేయించుకున్నాను, మా వారికి చూపించాలి కదా.

29 గురువారం, అదే అలైన్‌మెంట్ షాపు, అదే కుర్రాడు. ముందు నాలుగు టైర్లలో గాలి సరిచేసి, ఆ తర్వాతే కొలిచాడు. ఎడమ క్యాంబర్ మైనస్ ఒకటిన్నర డిగ్రీ దగ్గర, కుడిది అర డిగ్రీ లోపే. అంటే ఎడమ చక్రం తల లోపలికి వాలి ఉంది. టో కూడా బయటికి ఉంది, అంటే చక్రాల ముందు అంచులు బయటికి తిరిగి ఉన్నాయి. "టో ఒక్కటే తప్పైతే రెండు టైర్లూ అరిగేవి. మీది ఒక్క టైరే అరిగింది, ఈ వాలు వల్లే" అన్నాడు. మా బండికి క్యాంబర్ సర్దే మర ప్రత్యేకంగా ఏమీ లేదు. స్ట్రట్‌ని నకల్‌కి కలిపే రెండు బోల్టులు వదులు చేసి, ఆ రంధ్రాల్లో ఉన్న కాస్త సందులోనే చక్రాన్ని బయటికి తోసి బిగించాడు. ఎడమది ముప్పావు డిగ్రీకి వచ్చింది. స్టీరింగ్‌ని నేరుగా తాళం వేసి పెట్టి టో సరిచేశాడు. ముందు, తర్వాత కొలతల ప్రింటు అడిగి తీసుకోండి, ఇవ్వడం మర్చిపోతారు. అలైన్‌మెంట్ 450, బ్యాలెన్సింగ్ 400. ముందు టైర్లు రెండూ కొత్తవి 8,400. టైర్లు ముందే మార్పించి ఉంటే కొత్త అంచు కూడా ఈపాటికి సగం పోయేది, పంక్చర్ షాపతను తొందరపెట్టనందుకు అతనికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

శుక్రవారం గుంటూరు వెళ్లాం. మలుపు తిరిగాక స్టీరింగ్ వదిలితే తనంతట తనే నేరుగా వచ్చేస్తోంది. ఇన్నాళ్లూ నేనే తిప్పి తెస్తున్నానని అప్పుడు గమనించాను. పార్టులు మెల్లగా అరిగితే మన చేతులు కూడా మెల్లగా అలవాటు పడిపోతాయి. ఎనభై మీద స్టీరింగ్‌లో ఉండే సన్నటి వణుకు కూడా పోయింది, అది బ్యాలెన్సింగ్ పుణ్యం. మా ఆఫీసావిడ కాజా టోల్ దగ్గర "ఇప్పుడు నిద్ర వస్తోందండీ" అన్నారు.

పది రోజులు బాగుంది. ఫిబ్రవరి రెండో వారంలో తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు మాత్రం కీచ్ కీచ్ మని కొత్త చప్పుడు. ఇంత ఖర్చయ్యాక మళ్లీనా అని ఏడుపొచ్చింది. తీసుకెళ్తే మేస్త్రి కింద దూరి నీళ్ల సీసా తెప్పించి, అడ్డ కడ్డీని ఛాసిస్‌కి పట్టి ఉంచే రెండు రబ్బర్ల మీద నీళ్లు పోశాడు. చప్పుడు ఆగింది. "డీ బుష్‌లు. లింకులు కొత్తవి గట్టిగా పట్టుకునేసరికి ఇవి బయటపడ్డాయి. అప్పుడే మార్చాల్సింది." రబ్బర్ల జత 160, కూలీ వద్దన్నాడు, అరగంట పని. లింక్ రాడ్లు మార్పించేవాళ్లు వీటిని కూడా చీటీలో రాయించుకోండి.

పార్టులు, కూలీ, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్, ఈ రబ్బర్లు కలిపి 16,930 అయింది. టైర్లు, ముందు కట్టిన తనిఖీ రుసుము కలిపితే 25,920. కొత్త స్ప్రింగు సీట్లూ, రబ్బర్లూ కాస్త సర్దుకుంటాయి కాబట్టి వెయ్యి కిలోమీటర్ల తర్వాత అలైన్‌మెంట్ ఇంకోసారి చూపించుకోమన్నారు. ఫిబ్రవరి చివర్లో చూపించాను. టో రవ్వంత కదిలింది, సరిచేసి రెండు వందలు తీసుకున్నారు. ఎడమ టైరు లోపలి అంచు మీద వేలు పెట్టి చూశాను. గాళ్లు బయటి అంచుతో సమానంగానే ఉన్నాయి.